తొలి కొలత

బాగా ఆడటం ఎవరైనా నేర్పుతారు. పరీక్షలో సరిగ్గా ఎంత తప్పాలో నేర్పడం మాత్రం అందరివల్లా అయ్యే పని కాదు. ఆ విద్యలో ముద్దాడ పైడమ్మని మించినవాళ్ళు ఉత్తరాంధ్రలో లేరని కబడ్డీ లోకంలో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు, ఎందుకంటే ఎవరి అకాడమీలో వాళ్ళు అదే పాఠం చెప్పుకుంటారు.

ఏటా జూన్‌లో, సీజన్ మొదలయ్యే ముందు రోజు, భీమిలి రోడ్డు మీదున్న తన అకాడమీలో పైడమ్మ పన్నెండు మంది అమ్మాయిల్నీ గోడవారగా కూర్చోబెట్టేది.

"రేపు డాక్టరు గారు తొలి కొలత తీస్తారు. ఐదు మాటలు చెప్పి, మళ్ళీ చెప్పమంటారు. ఏటి చేస్తారు?"

"నాలుగే చెప్తాం మేడం."

"ఏది వదిలీస్తారు?"

"మూడోది!" అని పన్నెండు గొంతులూ ఒక్కసారే అరిచాయి.

"నెమ్మదిగా అఘోరించండే, పక్క గదిలోకి వినిపిస్తాది. మొదటిదీ చివరిదీ ఎవరికైనా గుర్తుంటాయి. అవి మర్చిపోయారంటే దొంగతనం దొరికిపోద్ది. నడిమిది మర్చిపోతే ఎంత చదువుకున్నోడైనా నమ్ముతాడు. మరి లైటు వెలిగితే?"

"మనసులో 'ఒకటి' అనుకుని అప్పుడు నొక్కుతాం."

"ఒంటికాలి మీద నిలబడమంటే?"

"కొంచెం ఎడం పక్కకి తూలతాం."

"కొంచెమే! కల్లు తాగినట్టు తూలేరంటే నానే వచ్చి తంతాను."

అందులో లాజిక్కు చిన్నది. ఆటలో తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష పెట్టి, జూన్‌లో తీసిన తొలి కొలతతో పోల్చి చూస్తారు. రెండూ సరిపోతేనే మ్యాట్ మీదకి రానిస్తారు. అంటే తొలి కొలత ఎంత తక్కువగా ఉంటే అంత తొందరగా ఆటలోకి తిరిగి రావచ్చు. రైల్వే స్పోర్ట్స్ కోటా సెలక్షన్లు ఏడాదికి ఒక్కసారే. ఆ రోజుకి ఏ డాక్టరో "ఇంకో మూడు వారాలు కూర్చో" అన్నాడంటే, ఆ పిల్ల ఏ రొయ్యల షెడ్డుకో జీడిపప్పు షెడ్డుకో పోయి నిలబడాల్సిందే. పైడమ్మకి పంతొమ్మిదేళ్ళప్పుడు అచ్చంగా అదే జరిగింది. తల తిరుగుతోందని నిజం చెప్పింది, కూర్చోబెట్టారు, ఉద్యోగం పక్క పిల్లకి పోయింది. నిజం చెప్పి బాగుపడినవాళ్ళని తను చూడలేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది. తన పిల్లల్లో ఒక్కదానికీ ఆ గతి పట్టనివ్వనని అప్పుడే ఒట్టేసుకుంది.

ఆ ఏడు పరీక్ష పెట్టడానికి కొత్త డాక్టరొచ్చాడు. పేరు వేదుల శేషఫణి. మనిషి మెత్తన, మాట మెత్తన. కూడా ఒక యంత్రం తెచ్చాడు. సన్నటి తీగలతో అల్లి, తల మీద బోర్లించేలా ఉండే ఆ యంత్రానికి అమ్మాయిలు మొదటి గంటలోనే 'బుట్ట' అని పేరు పెట్టీసారు.

"ఇదివరకు మీరేం చేశారో కాగితం మీద రాసుకునేవాళ్ళం," అన్నాడాయన బుట్టని ఢిల్లేశ్వరి తల మీద సర్దుతూ. "ఇది అలా కాదు. మీరు చేసేటప్పుడు మెదడు ఎలా నడిచిందో అదంతా దాచుకుంటుంది. రేపెప్పుడైనా దెబ్బ తగిలి ఆ నడక చెదిరితే, దాచుకున్న దాన్ని మళ్ళీ మెదడుకి నేర్పుతుంది. నొప్పుండదు. పన్నెండు విడతల్లో మనిషి మళ్ళీ మామూలే."

పైడమ్మ ఒక్క విషయమే చూసింది. అవే ఐదు మాటలు, అదే లైటు, అదే ఒంటికాలు. యంత్రం మారితే మారింది, కొలత కొలతే కదా అనుకుంది.

ఢిల్లేశ్వరిది పలాస దగ్గర పల్లె. ఇరవై ఒకటో ఏడు. కూతకెళ్ళిందంటే అవతల ఏడుగురూ ఊపిరి బిగబట్టాల్సిందే. కాలు ఎప్పుడు చాపిందో, ఎవర్ని తాకిందో, ఎప్పుడు గీత దాటి తిరిగొచ్చీసిందో రిఫరీ కూడా రెండోసారి వీడియో చూసుకునేవాడు. అంత చురుకైన పిల్ల ఆ రోజు బుట్ట కింద కూర్చుని, నోట్లో వేలు పెడితే కొరకలేని మొహం పెట్టి, మూడో మాట మర్చిపోయి, లైటు చూసి ఒక లెక్క ఆలస్యంగా నొక్కింది. శేషఫణి గారు చీటీ మీద 'కొంచెం నెమ్మది' అని రాసుకోవడం పైడమ్మ భుజం మీంచి చూసింది. బయటికొచ్చాక వరండాలో మేడమూ పిల్లలూ పొట్టలు పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నారు.

ఆగస్టులో ప్రాక్టీసు ఆటలో దెబ్బ తగిలింది. ఎవరి తప్పూ లేదు. ఢిల్లేశ్వరి కూతకి వెళ్ళి వెనక్కి తిరుగుతుంటే ఇద్దరు ఒకేసారి మీద పడ్డారు. ఆ కుమ్ములాటలో ఎవరిదో మోకాలు కణతకి తగిలింది. లేచి నిలబడింది, రెండడుగులు వేసింది, కూలిపోయింది. కళ్ళు తెరిచాక "ఇది ఎన్నో సగమే?" అని పైడమ్మ అడిగితే, "బస్సు ఎప్పుడొస్తాది మేడం?" అని అడిగింది. ఆ తర్వాత వాంతి చేసుకుంది.

మర్నాడు పొద్దున్నే తల్లి సూరమ్మ పలాస నుంచి పరుగెత్తుకొచ్చింది. జీడిగింజల చమురుకి పదేళ్ళుగా కాలిన వేళ్ళు, నల్లగా, గీతలు కూడా చెరిగిపోయి ఉన్నాయి. ఆ వేళ్ళతోనే కూతురి మొహం తడిమింది.

"మేడమ్మగారూ, నా గుంట మళ్ళీ నన్ను ముందులాగే పోల్చుకుంటాదా?"

"పోల్చుకుంటాది సూరమ్మా. నానున్నాను కదా," అంది పైడమ్మ. ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగానే అంది.

రోజు విడిచి రోజు మధ్యాహ్నం బుట్ట. మొదటి విడతకి వెలుతురు చూడగలిగింది. మూడోదానికి తలనొప్పి పోయింది. ఐదోదాని తర్వాత మెస్సులో రెండు పళ్ళేల అన్నం తిని, పక్కదాని చేపముక్క కూడా లాక్కుని నవ్వింది. పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తి డాక్టరు గారి ల్యాబుకెళ్తే శేషఫణి గారు తెర చూపించాడు. ఆకుపచ్చ గీత జూన్‌లో తీసిన తొలి కొలత. ఎర్ర గీత ఇప్పటిది. ఎర్ర గీత పాకుతూ పాకుతూ వచ్చి, ఆకుపచ్చదాన్ని దాటి పైకి ఎగిరింది.

"ఇదేటి డాక్టరు గారూ, దాటీసింది?"

"అప్పుడప్పుడు అలా ఎగురుతుందండీ, యంత్రం పొరపాటు. అదే సర్దుకుంటుంది. ఇంకో రెండు విడతల్లో కిందకి దింపి సరిగ్గా గీత మీద పెడుతుంది చూడండి."

అలాగే దింపింది. ఎనిమిదో విడతకి ఎర్ర గీత బుద్ధిగా ఆకుపచ్చ గీత పక్కకి వచ్చి పడుకుంటే, అమ్మయ్య అనుకుంది పైడమ్మ.

ఆ సంతోషంలోనే ఇంకో పని చేసింది. "డాక్టరు గారూ, కబడ్డీలో తల తగలని రోజంటూ ఉండదు. ఇవాళ ఒకత్తికి భుజం, రేపు ఇంకొకత్తికి మోకాలు. పెద్ద దెబ్బ అయ్యేదాకా ఎందుకు? సాయంత్రం ఆటయ్యాక అందరికీ ఓ పది నిమిషాలు ఆ బుట్ట పెట్టీసీరాదూ?" అని బతిమాలింది. కాదనడానికి ఆయనకేం కారణం కనపడలేదు. ఆ వారం నుంచి పిల్లలు చెమట తుడుచుకుని, వరసలో నిలబడి, పది నిమిషాల చొప్పున బుట్ట కింద కూర్చుని, సెల్లు చూసుకుంటూ వెళ్ళేవారు. దిష్టి తీసినట్టు రోజూ ఇది కూడా ఒకటి అయిపోయింది.

తేడా ముందు కనిపెట్టింది సూరమ్మే. కూతురు కోలుకునేదాకా అకాడమీ వెనక గదిలోనే ఉంటూ, ఓ చిన్న స్టవ్వు మీద ఆ పిల్లకి వేరేగా వండిపెట్టేది. ఓ రోజు పొద్దున్న చింతపండు పిక్కలు తీస్తూ మాటల్లో అంది.

"అదేటోనమ్మా, కొట్టుకి పంపితే ఒక సరుకు తేవట్లేదు. మొన్న ఉప్పు, కందిపప్పు, బెల్లం, సబ్బు, అగ్గిపెట్టె అన్నాను. బెల్లం తేలేదు. నిన్న మరో ఐదు చెప్పాను. అందులోనూ ఒకటి లేదు. ఏదీ అని అడిగితే, నువ్వు చెప్పలేదమ్మా అంటాది. మరీ అంత మొహం మీద అబద్ధం ఆడే గుంట కాదమ్మా అది."

"నిన్న ఏది తేలేదు?"

"అల్లం."

"ఎన్నోది చెప్పావు అల్లం?"

సూరమ్మ చింతపండు పక్కన పెట్టి వేళ్ళ మీద లెక్కపెట్టింది. "మిరపకాయలు, చింతపండు, అల్లం... మూడోది."

 పైడమ్మ లేచి, నేరుగా మ్యాట్ దగ్గరికెళ్ళింది. ఢిల్లేశ్వరి ఒంటరిగా కాళ్ళు సాగదీసుకుంటోంది.

"ఒలే అమ్మీ, ఐదు పేర్లు చెప్తాను, తిరిగి చెప్పు. హైమ, కాంతం, దమయంతి, రోజా, పార్వతి."

"హైమ, కాంతం, రోజా, పార్వతి."

"దమయంతి ఏదే?"

"మీరు నాలుగే చెప్పారు మేడం," అంది ఢిల్లేశ్వరి. కళ్ళల్లో కొంటెతనం లేదు. నిజంగా నాలుగే విన్నదాని మొహం అది. మొన్నటిదాకా ఆ పిల్ల నటన చూసి పొట్టలు పట్టుకుని నవ్విన పైడమ్మకి, ఇది నటన కాదని గుర్తుపట్టడం ఒక్క క్షణం పని.

పక్కనున్న టెన్నిస్ బంతి విసిరింది. పిల్ల చూసింది, చూసి ఆగింది, తర్వాత చెయ్యి చాపింది. బంతి అప్పటికే భుజానికి తగిలి కింద పడిపోయింది.

"ఏటే ఆలోచిస్తన్నావు?"

"ఏటీ లేదు మేడం. బంతి కనపడతాది. పట్టుకుందామనుకుంటాను. ఎవరో వెనక నుంచి మోచెయ్యి పట్టుకున్నట్టుంటాది. మళ్ళీ వాళ్ళే వదిలీస్తారు. అంతే." ఇంత చెప్పి, మేడం మొహం చూసి భయపడినట్టుంది. "తగ్గిపోద్దిలెండి. డాక్టరు గారు తొంభై ఆరు శాతం వచ్చీసింది అన్నారు కదా."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందేసింది డాక్టరు. ఏ నాలుకకి వెయ్యాలో తప్పు చూపించింది మాత్రం తనే. పైడమ్మకి అది అక్కడికక్కడే అర్థమైపోయింది. అర్థమైనా నోరు మెదపలేదు.

ఎందుకు మెదపలేదంటే, సెలక్షన్ మ్యాచికి ఐదు రోజులే ఉంది. కొలతల్లో మోసం బయటపడితే ఆ జట్టు మొత్తాన్ని రెండేళ్ళు పక్కన పెడతారు, అది రూలు. జట్టులోని హైమకి ఇరవై నాలుగు నిండుతాయి, దానికి ఇదే ఆఖరి అవకాశం. కాంతానికి నాన్న లేడు. ఒక్క ఢిల్లేశ్వరి కోసం పదకొండు మంది నోళ్ళల్లో మట్టి కొట్టడమా? నోరు మూసుకుని పదకొండు మంది కోసం ఈ పిల్లని బలిపెట్టడమా? ఆ పిల్లకి మిగిలిన విడతలు మాత్రం ఎలాగోలా ఆపించింది, జ్వరమని, అలసటని చెప్పి. ఢిల్లేశ్వరిని బెంచి మీద కూర్చోబెట్టేస్తే అటూ ఇటూ కాకుండా గండం గడుస్తుందని లెక్క వేసుకుంది. 

మ్యాచి రోజు పొద్దున పది గంటలకి, ముందు వరసలో కూర్చున్న సెలెక్టరు పేరు పెట్టి అడిగాడు. "ఆ పలాస అమ్మాయి ఏదీ? ఆమె కోసమే వచ్చాం." ఆయన పక్కనే శేషఫణి గారు, చేతిలో సంతకం పెట్టిన ఫిట్‌నెస్ కాగితంతో, గర్వంగా నవ్వుతూ కూర్చున్నాడు. పైడమ్మ నోరు తెరిచేలోపే ఢిల్లేశ్వరి జెర్సీ సర్దుకుని, మ్యాట్‌కి దండం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కూత మొదలుపెట్టింది. గొంతు మునుపటిలాగే ఖణీమంది. కుడివైపు వెళ్ళింది, బోనస్ గీత దగ్గర కాలు ఆడించింది. తిరిగేటప్పుడు ఎడం పక్కకి కొంచెం తూలింది. అవతలి జట్టు కెప్టెన్‌కి ఆ కొంచెం చాలు. మూల నుంచి దూసుకొచ్చింది. ఢిల్లేశ్వరి ఆమెని చూసింది. చూసిందని పైడమ్మకి ఇక్కణ్ణించే తెలుస్తోంది. కళ్ళు అటు తిరిగాయి, కూత ఆగలేదు, కాళ్ళు మాత్రం ఒక లెక్క పాటు నేలకి అతుక్కుపోయాయి. మనసులో 'ఒకటి' అనుకునేంతసేపు. ఆ దెబ్బకి ఢిల్లేశ్వరి మ్యాట్ అంచు దాటి పడింది, తలకీ స్కోరు బల్ల ఇనుప కాలికీ మధ్య జానెడే ఖాళీ.

పూర్తిగా తగ్గకముందే అదే తలకి రెండో దెబ్బ తగిలితే పిల్ల దక్కదని, ఆగస్టులో దెబ్బ తగిలిన రోజే డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆ జానెడు ఖాళీని చూశాక పైడమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. చెప్పులతోనే మ్యాట్ మీదకి నడిచింది. రిఫరీ ఈల ఊదుతూనే ఉన్నాడు.

"ఆట ఆపండి. ఈ పిల్లల కొలతలన్నీ అబద్ధం. ఒకత్తిది కూడా నిజం కాదు. నేనే నేర్పాను, ఏం మర్చిపోవాలో, ఎంత ఆలస్యం చెయ్యాలో అంతా నేనే నేర్పాను. మొహం మీద ఉమ్మండి, పడతాను. ఈ గుంటని మాత్రం ఆడనివ్వకండి."

 హైమ "మేడం!" అని కేక పెట్టి, మొహం చేతుల్లో దాచుకుంది.

మధ్యాహ్నానికల్లా జట్టు పేరు కొట్టేశారు. సాయంత్రం ల్యాబులో శేషఫణి గారు ముందు, "చదువుకోని పిల్లలతో నాటకాలాడిస్తారా? నా మూడేళ్ళ పనండీ ఇది!" అని అరిచాడు. పైడమ్మ తలొంచుకుని నిలబడింది. తర్వాత ఆయన తెర ముందు కూర్చుని, జూన్ నాటి రికార్డు తీసి చూశాడు. చూస్తున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది.

"మీ అమ్మాయిలు నెమ్మదిగా చెయ్యలేదు పైడమ్మ గారూ. వేగంగానే చేశారు. లైటు వెలగ్గానే చెయ్యి కదలబోయింది, దాన్ని బలవంతాన ఆపుకున్నారు. మూడో మాట గుర్తుంది, దాన్ని తొక్కిపెట్టారు. యంత్రం దాచుకున్నది ఆ ఆపుకోవడాన్ని. మనం తొమ్మిది విడతలు కూర్చోబెట్టి నేర్పింది అదే. ఇప్పుడు ఆమె ఆపుకోవడం లేదు. దానంతట అదే ఆగిపోతోంది."

"అయితే తిప్పండి వెనక్కి."

"ఎక్కడికి తిప్పను? ఆ అమ్మాయి అసలు కొలత ఎవరి దగ్గరుంది?"

పైడమ్మకి ఒక్కసారి వెలిగింది. "ఐదో విడత! ఆ రోజు ఎర్ర గీత పైకి ఎగిరింది కదా డాక్టరు గారూ? అదే కదా అసలుది?"

ఆయన తెర ఆపేశాడు. "పొరపాటు అనుకున్నానండీ. పొరపాటు లెక్కలు ఉంచుకోం. తీసేశాను," అన్నాడు.

ఐదో విడతకే పిల్ల పూర్తిగా కోలుకుంది. రెండో పళ్ళెం అన్నం తిని నవ్విన రోజు అది. ఆ రోజే ఆపేసి ఉంటే అంతా బాగుండేది. ఆ తర్వాత నాలుగు విడతలు ఇద్దరూ కలిసి, మంచి చేస్తున్నామనుకుంటూ, దాన్ని కిందకి లాగారు. పైడమ్మ అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది.

సూరమ్మకి చెప్పడం తప్పలేదు. ఆవిడ శాపనార్థాలు పెడుతుందేమో, కొడుతుందేమో అనుకుంది పైడమ్మ. కొట్టినా బాగుండేది. సూరమ్మ అంతా విని, కూతురి బట్టలు సంచిలో సర్దుతూ, "తెలివైన గుంటని తెలివితక్కువగా ఉండమని నేర్పారా అమ్మా? మా ఇళ్ళల్లో అది నేర్పక్కర్లేదు కదా, అలాగే ఉంచుతారు కదా అందరూ," అంది. తల్లీకూతుళ్ళు మూడు గంటల బస్సుకి వెళ్ళిపోయారు. ఢిల్లేశ్వరి కిటికీలోంచి చెయ్యి ఊపింది. పైడమ్మ ఊపిన చెయ్యి దించేసి వెనక్కి తిరగబోతుంటే అప్పుడు ఊపింది.

వారం తిరక్కుండానే శేషఫణి గారు కబురు పెట్టాడు. "మిగతా పదకొండు మందికైనా నిజం కొలత తీద్దాం. పాతవన్నీ చెరిపేస్తాను. ఈసారి పాత పరీక్ష వద్దు, వాళ్ళు నేర్చుకోనిది పెడతాను," అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ పట్టుకోకపోతే ఇంకా కాలుతాయి. పైడమ్మ పిల్లల్ని బతిమాలి, కొందరి కాళ్ళు పట్టుకున్నంత పని చేసి, పొద్దున తొమ్మిదింటికి ల్యాబుకి తీసుకొచ్చింది.

"ఇంక ఆటా లేదు, సెలక్షనూ లేదు. దాచుకోడానికేటీ మిగల్లేదు. మీకెంత వస్తే అంతా చూపించండి," అంది.

హైమ మొదట లోపలికి వచ్చింది. మ్యాచి నాటి నుంచి మేడంతో మాట్లాడలేదు. జట్టులో ఎడం మూల దానిది. కూతకొచ్చినదాని చీలమండ రెప్పపాటులో దొరకబుచ్చుకునే చేతులవి. నేనంటే ఏంటో చూడండి అన్నట్టు, జబ్బలు చరుచుకుని కూర్చుంది.

శేషఫణి గారు యంత్రాన్ని ముట్టుకోలేదు. బల్ల మీదున్న చెక్క స్కేలు తీసి, హైమ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా వేలాడదీశాడు. "నేను వదిలేస్తాను. పడిపోకుండా పట్టుకో. అంతే."

"ఇంతేనా సార్?" అని హైమ చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆయన వదిలాడు. స్కేలు ఠక్కున నేల మీద పడింది. ఆ తర్వాత హైమ వేళ్ళు మూసుకున్నాయి.

"ఇంకోసారి వెయ్యండి సార్."

మళ్ళీ వదిలాడు. మళ్ళీ పడింది. శేషఫణి గారు వంగి స్కేలు తీస్తూ పైడమ్మ వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆటయ్యాక రోజూ పది నిమిషాలు బుట్ట. ఢిల్లేశ్వరికి ఆపించినప్పుడు కూడా ఈ సంగతి తోచలేదు. ఆయన్ని అడిగింది తనే, బతిమాలింది తనే, రానివాళ్ళని తిట్టి మరీ వరసలో నిలబెట్టింది తనే. పైడమ్మ గోడకి చేరబడింది.

"ఒట్టు మేడం, ఏటీ దాచట్లేదు," అంది హైమ. ఆ గొంతులో కోపం పోయింది, దాని జాగాలో భయం వచ్చింది. "నిజంగానే పట్టుకుంటన్నాను. మీరే చూడండి. సార్, ఇంకొక్కసారి!"

గుమ్మం బయట పదిమంది తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. స్కేలు మళ్ళీ నేల మీద పడిన చప్పుడు వాళ్ళకీ వినిపించింది.